కన్నీటి కొలత

తెనాలి చెంచుపేటలో టైలరు షంషుద్దీన్ దుకాణం తెరవడమే ఒక తమాషా. తలుపులు తీసి, ఊడ్చి, మిషనుకు నూనె వేశాక, గుమ్మంలో వెలుగుకు ఎదురుగా నిలబడేవాడు. చేతికుట్టు సూదుల్లోకెల్లా సన్నదాన్ని ఏరి, దాని బెజ్జంలోకి ఒక్క విసురులో దారం ఎక్కించేవాడు. అవతలి పక్క సుందరయ్య టీకొట్టు ముందు నిలబడ్డవాళ్ళు చూస్తున్నారని ఆయనకు తెలుసు. వాళ్ళు చూడాలనే ఆయన కోరిక కూడాను.

"యాభై నాలుగండీ నాకు. మొహాన కళ్ళజోడుందా? లేదు. చూసుకోండి మరి" అనేవాడు.

ఇది రెండువేల ఏడో సంవత్సరం నాటి మాట. అంతకు ఎనిమిది నెలల ముందు వరకు ఆ ముక్కు మీద కళ్ళజోడు ఉండేది. నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారమే ఆయనకూ వచ్చింది. అలాంటిది ఒకరోజు పొద్దున జోడు పెట్టుకుంటే కుట్టు మసకగాను, తీసేస్తే శుభ్రంగాను కనిపించింది. పెట్టి చూశాడు, తీసి చూశాడు. ఆ తర్వాత జోడును బొత్తాల డబ్బాలో పడేసి, "అంతా అల్లా దయ" అన్నాడు. "పోయిన చూపు మళ్ళీ రావటమంటే మాటలా! పెట్టి పుట్టారు సాయిబుగారూ" అని సుందరయ్య ఆశ్చర్యపోయాడు.

మనమైనా అంతేకదా. ఉన్నది పోతే ఎందుకు పోయిందని పదిమందిని అడుగుతాం. పోయింది తిరిగొస్తే మాత్రం నోరు మెదపం. అయితే ఎందుకొచ్చిందని అడిగే మనిషి ఆ దుకాణంలో ఒకరున్నారు. ఆమె షంషుద్దీన్ భార్య జైనబ్ బీ.

దుకాణం వెనక భాగంలో, తెర పక్కన చాప వేసుకుని, చొక్కాలకు బొత్తాలు దూరే కాజాలు కుట్టడం ఆమె పని. చేతులకు పనివున్నా బుర్రకు తీరికే కాబట్టి ఆమెకు అన్నీ సందేహాలే. కాకరకాయ చేదెందుకు, రైలు చక్రానికి లోపలివైపే అంచెందుకు, ఉల్లిపాయ తరిగితే ఏడుపొస్తుంది గాని తింటే ఎందుకు రాదు. కాజా కాజాకూ ఒక ప్రశ్న వచ్చేది. అడగనిదే ఆమెకు అన్నం అరిగేది కాదు.

"జుట్టు మళ్ళీ నల్లబడలేదు. ఊడిన పన్ను మొలవలేదు. కళ్ళొక్కటే వయసు ఎందుకు తగ్గించుకున్నాయండీ?" అని భర్తను అడిగింది.

"దేవుడిచ్చినదానికి కూడా కారణం చెప్పమంటావా నువ్వు?" అని షంషుద్దీన్ కత్తెర అందుకున్నాడు. అంతటితో ఆ మాట తెగిపోయింది.

చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. షంషుద్దీన్‌కు అయిదేళ్ళ క్రితం షుగరు ఉందన్నారు. మాత్రలు రాసిచ్చి, ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నారు. ఆయన పరీక్ష ఎన్నడూ మానలేదు. కాకపోతే దానికి ఆయన పద్ధతి వేరు. పరీక్ష మూడు రోజులుందనగా పథ్యం మొదలయ్యేది. జొన్నరొట్టె, కాకరకాయ, పరగడుపున మెంతుల నీళ్ళు. దారపు రీళ్ళ పెట్టెలో ఎప్పుడూ పడుండే మాత్రలు ఆ మూడు రోజులూ బయటికొచ్చేవి. నాలుగో రోజు లెక్క చక్కగా వచ్చేది. పరీక్ష గెలిచానన్న సంతోషంతో దారిలోనే వేడివేడి జిలేబీ తిని, ఇంటికి నాలుగు కట్టించుకొచ్చేవాడు. మాత్రలు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయేవి.

ఇది ఆ ఒక్క మనిషి గుణమని అనుకోకండి. మన వీధుల్లో ఎన్ని ఇళ్ళలో పరీక్షనాటి పథ్యం జరగడం లేదు! జైనబ్ బీకి కూడా అందులో తప్పు తోచలేదు. ఇల్లు చూడ్డానికి ఎవరైనా వస్తుంటే ఊడ్చుకోమా, ఇదీ అంతే అనుకునేది. ఆ జొన్నరొట్టెలు కాల్చింది ఆమె చేతులే.

ఆ ఏడు ఆగస్టు నెలాఖరులో వైదేహి అనే అమ్మాయి ఆరు తెల్లకోట్ల గుడ్డ పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఆమె తండ్రి ఉమామహేశ్వరరావు బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైనవాడు. ఆయన చొక్కాలు పాతికేళ్ళుగా షంషుద్దీనే కుడుతున్నాడు. పిల్లప్పుడు ఆయన వెంట వచ్చి ముక్కగుడ్డలు ఏరుకున్న వైదేహి ఇప్పుడు హైదరాబాదులో జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తోంది.

"ఇన్ని కోట్లెందుకమ్మా?" అంది జైనబ్ బీ తెర పక్కనుంచి.

"రేపల్లెలో కంటి క్యాంపు పెడుతున్నాం పిన్నిగారూ. కన్నీళ్ళు తీసుకెళ్ళాలి."

జైనబ్ బీ చేతిలో సూది ఆగింది. "కన్నీళ్ళా? ఎవర్ని ఏడిపిస్తారు?"

వైదేహి నవ్వింది. "ఎవర్నీ ఏడిపించమండి. సన్నని కాగితం ముక్క కింది రెప్పకి తగిలించి అయిదు నిమిషాలు ఉంచితే, ఉన్న తడిని అదే పీల్చుకుంటుంది."

"ఉప్పునీళ్ళేగా, దాన్లో ఏముంటుంది చూడ్డానికి?"

"ఉప్పొకటే కాదండి. వందల రకాల ప్రొటీన్లుంటాయి. కాలవలో నీళ్ళు ఎర్రగా వస్తే మీరేమనుకుంటారు?"

"పైన ఎక్కడో వాన పడిందనుకుంటాం."

"మేం చూసేదీ అదేనండి. షుగరున్నవాళ్ళకి కంటి వెనకాల, రెటీనా మీద, సన్న సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ తంటా మొదలవగానే కంటిలోపలి నీళ్ళలో కొన్ని ప్రొటీన్లు పెరుగుతాయి. కానీ మంచి కంట్లోకి సూది గుచ్చి ఆ నీళ్ళు తియ్యలేంగా! అందుకని వాటి జాడ బయటి కన్నీళ్ళలో దొరుకుతుందేమోనని వెతుకుతున్నాం."

"దొరికిందా?"

"ఇంకా వెతుకులాటేనండి. షుగరున్నవాళ్ళ కన్నీళ్ళు ఒక వరసలో, లేనివాళ్ళవి ఒక వరసలో పెట్టి పోల్చి చూడాలి. చిత్రమేంటంటే, ఉన్నవాళ్ళు బోలెడుమంది దొరుకుతున్నారు. యాభై దాటీ షుగరు లేనివాళ్ళే దొరకటంలేదు."

షంషుద్దీన్ టేపును మెళ్ళో సర్దుకున్నాడు. "నేనున్నాగా! నన్ను రాసుకో అమ్మా. కళ్ళజోడు కూడా లేదు నాకు."

జైనబ్ బీ తలెత్తింది. షంషుద్దీన్ తెరవైపు ఒక్క చూపు చూశాడు. చూపు గురించి పది మందికీ గర్వంగా చెప్పుకునే ఆయనకు, తను ఎత్తుకుని ఆడించిన పిల్ల ముందు షుగరుందని చెప్పి తీసిపోవడం ఇష్టంలేదు. ఆమెకది అర్థమైంది. తలొంచుకుని కాజా కుట్టుకుంది. వేలెడు సందేహాన్ని కూడా వదలని మనిషి అడగాల్సినచోట ఆరోజు అడగలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆమె దాన్ని తలుచుకుని బాధపడింది.

సెప్టెంబరు మొదటి వారంలో ఇద్దరూ కోట్ల మూట పట్టుకుని రేపల్లె పాసింజరు ఎక్కారు. దారిపొడవునా జైనబ్ బీ కాలవ నీళ్ళ రంగే చూసింది. అప్పటికి మూడు రోజులుగా ఇంట్లో జొన్నరొట్టె, మెంతుల నీళ్ళు నడుస్తున్నాయి.

బడిలో క్యాంపు. వేలి మీద గుచ్చి రక్తం తీశారు. లెక్క బాగానే వచ్చింది. తర్వాత కింది రెప్పకు కాగితం తగిలించారు. షంషుద్దీన్ కళ్ళు మూసుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. కాగితం మీద తడి కొద్దికొద్దిగా కిందికి దిగడాన్ని జైనబ్ బీ వంగి మరీ చూసింది. వైదేహి దాన్ని చిన్న సీసాలో వేసి ఇరవై ఏడు అని రాసింది.

"ఇప్పుడు చుక్కలమందు వేస్తారు బాబాయిగారూ. కంటిపాప పెద్దదయ్యాక డాక్టరుగారు రెటీనా చూస్తారు."

"చుక్కలేస్తే?"

"నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి."

"అయ్యబాబోయ్! రంజాన్ పని నెత్తి మీదుందమ్మా. పూటంతా సూది ముట్టుకోకుండా కూర్చోమంటావా?" అని షంషుద్దీన్ లేచిపోయాడు. ఇరవై ఏడో నంబరు ఎదుట రెటీనా పరీక్ష గడి ఖాళీగా ఉండిపోయింది.

నవంబరులో వైదేహి మళ్ళీ దుకాణానికి వచ్చింది. ఈసారి చేతిలో గుడ్డ లేదు. మొహంలో నవ్వు కూడా లేదు.

"ఏదో పొరపాటు జరిగింది పిన్నిగారూ. నా వల్లో ఎవరివల్లో తెలీటంలేదు. షుగరు లేనివాళ్ళ వరసలో ఒక్క సీసా మాత్రం పొసగట్లేదు. దాన్లో ప్రొటీన్లు చూస్తే అవతలి వరసవాళ్ళవాటిలాగే ఉన్నాయి. సీసాలు తారుమారయ్యాయేమోనని లిస్టంతా మూడుసార్లు సరిచూశాను."

"ఎన్నో నంబరు?"

"ఇరవై ఏడు. బాబాయిగారిది. మళ్ళీ ఒకసారి కాగితం పెట్టనిస్తారేమోనని వచ్చాను. లేకపోతే దాన్ని తీసి పారెయ్యటమే."

జైనబ్ బీ సూదిని చాపకు గుచ్చి లేచి నిలబడింది. "అమ్మాయ్, సీసా మారలేదనుకో. అప్పుడేమవుతుంది?"

"అప్పుడు మనిషే తప్పు వరసలో ఉన్నట్టు."

జైనబ్ బీ భర్తవైపు చూసింది. ఆయన మిషను తొక్కుతూనే ఉన్నాడు గాని గుడ్డ కదలడంలేదు. ఆమె వెళ్ళి రీళ్ళ పెట్టె తెరిచి మాత్రల అట్టలు తీసింది. బొత్తాల డబ్బాలోంచి కళ్ళజోడు తీసింది. రెండూ తెచ్చి వైదేహి ముందు పెట్టి, అయిదేళ్ళ సంగతీ, మూడు రోజుల పథ్యం సంగతీ చెప్పేసింది.

"జైనబ్!" అని అరిచాడు షంషుద్దీన్.

వైదేహి మాత్రల వైపు చూడలేదు. కళ్ళజోడునే పట్టుకు చూస్తోంది. "ఇది ఎప్పుడు మానేశారు బాబాయిగారూ?"

"జనవరిలో. చూపు దానంతటదే బాగుపడింది."

"బాగుపడలేదండి. రక్తంలో షుగరు బాగా పెరిగితే కంటిలోపలి నీళ్ళలోనూ పెరుగుతుంది. దాంతో కంట్లో కటకం ఉబ్బుతుంది. ఉబ్బితే కొందరికి దగ్గరివి జోడు లేకుండా కనిపిస్తాయి, దూరానివి మసకేస్తాయి. మీకు ఎదురుగా ఉన్న టీకొట్టు బోర్డు కనబడుతోందా?"

షంషుద్దీన్ వీధివైపు చూశాడు. చాలాసేపు చూశాడు. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. తన సూది చూడాలని రోజూ ఎదురుచూసే మొహాలు ఎన్నాళ్ళుగానో తనకు సరిగా ఆనడంలేదని ఆయనకు అప్పుడే తట్టింది.

"అయితే నా కన్నీళ్ళు నామీద చాడీ చెప్పాయంటావు" అన్నాడు చివరికి.

"అంత మాట నేననలేనండి. కన్నీళ్ళు చూసి జబ్బుందని చెప్పేదాకా మేమింకా రాలేదు. ఒక్క సీసాతో ఏదీ రుజువు కాదు. అందుకే అడుగుతున్నాను. బాపట్లలో రఘురామ్ గారని కంటి డాక్టరున్నారు. చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి."

"దారం ఎక్కుతున్నంతకాలం నా కళ్ళకేం ఢోకా లేదు. నేను రాను."

జైనబ్ బీకి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అంత కోపం ఆమెకెప్పుడూ రాలేదు. "కొలతలివ్వటానికి వచ్చి పొట్ట లోపలికి బిగబట్టి నిలబడేవాళ్ళని మీరేమంటారండీ? 'ఇక్కడ పీల్చుకుంటే ఇంటికెళ్ళాక బొత్తాం పట్టదు బాబూ' అంటారు. వాళ్ళు మోసం చేసేది టైలర్నా? వాళ్ళ చొక్కానే కదా! అయిదేళ్ళుగా మీరు చేస్తున్నదేంటి? ఆ రొట్టెలు కాల్చి మీ పొట్ట బిగబట్టింది నేనే. నాదీ తప్పే. ఇంక కాల్చను." అంటూనే ఆమె ఏడ్చేసింది.

షంషుద్దీన్ మిషను మీదినుంచి కాళ్ళు తీశాడు. మర్నాడు ముగ్గురూ బాపట్ల బండెక్కారు.

రఘురామ్ గారు మితభాషి. చుక్కలు వేయించి, నుదుటికి దీపం కట్టుకుని, రెండు కళ్ళూ చాలాసేపు చూశారు. జైనబ్ బీ ఆగలేకపోయింది.

"ఏంటండీ కనిపిస్తోంది లోపల?" అంది.

"నాళాలు కారుతున్నాయమ్మా. ఎడమ కంట్లో కొత్త నాళాలు కూడా పుట్టాయి. అవి చాలా బలహీనమైనవి. ఎప్పుడు పగిలినా కన్నంతా రక్తం నిండిపోతుంది. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేను."

"కానీ డాక్టరుగారూ, నాకు నెప్పి లేదండి. సూదిలో దారం ఎక్కిస్తున్నాను" అన్నాడు షంషుద్దీన్.

"పెంకుటింటి మూలల్లో వాన కారుతుంటే నడింట్లో పడుకున్నవాడికేం తెలుస్తుంది సాయిబుగారూ? తడి నడింటికి వచ్చాకే లేస్తాడు. ఈ జబ్బూ అంతే. మధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. నా దగ్గరికి చూపు పోయాక వచ్చేవాళ్ళే ఎక్కువ. పోయినదాన్ని నేను తేలేను, ఉన్నదాన్ని నిలపగలను. మీరు ఉండగా వచ్చారు. ఆ అమ్మాయికి దణ్ణం పెట్టండి."

ఆ నాళాలు కారకుండా గుంటూరులో కళ్ళకు లేజర్ చేశారు. మూడుసార్లు వెళ్ళారు. మాత్రలు రీళ్ళ పెట్టెలోంచి అన్నం కంచం పక్కకు మారాయి. జిలేబీ మాట ఎత్తితే జైనబ్ బీ ఒక్కటే అడిగేది: "ఇది ఎవరికి పెడుతున్నారు, మీకా, మీ జబ్బుకా?"

నెల తిరిగేసరికి మరో వింత జరిగింది. ఒకరోజు పొద్దున షంషుద్దీన్ గుమ్మంలో నిలబడి సూది ఎత్తాడు. దారం ఎక్కలేదు. కొస తడిచేసి మళ్ళీ పెట్టాడు. బెజ్జమే కనిపించలేదు.

"చూశావా! వైద్యం కళ్ళు తీసేసింది. నా బతుకేం కాను!" అని లోపలికి వచ్చి కూలబడ్డాడు.

జైనబ్ బీకి అప్పుడు కూడా సందేహం ఆగలేదు. ఆయన్ని గుమ్మంలోకి లాక్కొచ్చి, "ఆ బోర్డు మీద ఏముందో చదవండి" అంది.

షంషుద్దీన్ కళ్ళు చికిలించలేదు. "సుందరయ్య టీ స్టాల్. కింద... అల్లం టీ స్పెషల్." చదివాక తనే నోరు తెరిచాడు.

ఆమె బొత్తాల డబ్బాలోంచి పాత జోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టింది. "ఇప్పుడు ఎక్కించండి." దారం ఎక్కింది. షుగరు దిగడంతో ఉబ్బిన కటకం తగ్గి, కళ్ళు తమ అసలు వయసుకు తిరిగొచ్చాయని ఫోనులో రఘురామ్ గారు చెబితే జైనబ్ బీ పకపకా నవ్వింది. మొగుడికి చూపు తగ్గిందని నవ్విన ఇల్లాలు తెనాలిలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

లేజర్ వల్ల ఎడమ కంటి పక్కచూపు మాత్రం కొంత తగ్గింది. ఆ వైపునుంచి ఎవరైనా పిలిస్తే మొహం పూర్తిగా తిప్పాల్సి వస్తోంది. అది తిరిగి రాదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇరవై ఏడో సీసా పారెయ్యలేదనీ, సరైన వరసలో చేరిందనీ వైదేహి కబురు పెట్టింది. "ఇంకా ఎన్ని సీసాలు కావాలో అడుగు. ఇరుగుపొరుగుల్ని నేను తీసుకొస్తాను" అని జైనబ్ బీ తిరుగు కబురు పంపింది.

మార్చి నెలలో సుందరయ్య చొక్కా కొలతలకు వచ్చాడు. "ఏంటి సాయిబుగారూ, జోడు మళ్ళీ ఎక్కిందే! ఆ సూది తమాషా ఇంక లేదా?"

"లేదు సుందరయ్యా. అది తమాషా కాదు, జబ్బు" అని షంషుద్దీన్ టేపు ఆయన నడుముకు చుట్టాడు. సుందరయ్య అలవాటు ప్రకారం పొట్ట లోపలికి పీల్చాడు.

"త్వరగా కానివ్వండి. నీరసంగా ఉంది. ఎల్లుండి షుగరు పరీక్ష, రెండు రోజుల్నుంచీ కాకరకాయ తప్ప ఏం తినటంలేదు."

షంషుద్దీన్ టేపు వదిలేశాడు. తెర పక్కన కాజా కుడుతున్న జైనబ్ బీ చేయి ఆగింది. ఆయన సుందరయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, తన ఎడమ కన్ను చూపించి, మొదటినుంచీ చివరిదాకా అంతా చెప్పాడు. ఆ కథ చెప్పడానికి పడ్డ సిగ్గు ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. అయినా ఎక్కడా దాచలేదు.

"పోయి ఈ పూట నువ్వు రోజూ తినేదే తిను. పరీక్షకి రోజూ ఉన్నట్టే వెళ్ళు. ఆ చేత్తోనే బాపట్ల వెళ్ళి, చుక్కలు వేయించుకుని కళ్ళు చూపించుకో. బాగా కనిపిస్తున్నా సరే, ఏడాదికోసారి చూపించుకో. ఆ ఒక్క పూట మసకని నేను భరించి ఉంటే, ఈ పక్కచూపు నాకు మిగిలేదేమో." అని షంషుద్దీన్ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ టేపు అందుకున్నాడు. "ఇప్పుడు లే. పొట్ట వదిలి నిలబడు సుందరయ్యా. పరీక్షంటే గెలవటానికి కాదు, ఉన్నదున్నట్టు తెలుసుకోవటానికి. బిగబట్టి ఇచ్చిన కొలత ఏదైనా చివరికి కొలతిచ్చినవాడికే పట్టకుండా పోతుంది."